తిరుగు పళ్ళెం

మా మెట్ల మీద ఉన్న నాలుగిళ్ళవాళ్ళూ నన్ను ఎలుక అనేవారు. అయితే వెనకాలే అనేవారు. ఎదురింటి ఉమ్ గియాస్ మాత్రం ముఖం మీదే అనేది.

"ఏమే ఎలకా, ఇవాళ కన్నంలోకి ఏం లాక్కెళ్తున్నావే?"

నేను పప్పు బస్తా మెట్ల మీద ఈడ్చుకుంటూ వస్తుంటే తలుపు తీసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది.

"చలికాలం వస్తోంది కదా పిన్నీ."

"ఏటా వస్తుంది. నీకొక్కదానికే ముందుగా ఉత్తరం రాస్తుందా?"

నవ్వడం అయ్యాక వచ్చి బస్తా రెండో కొస పట్టుకునేది. ఆవిడ తీరే అంత. నోరు కారం, చేయి బెల్లం.

నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. ఆరో తరగతితో చదువు ఆపేసినదాన్ని నేను. పత్రికల్లో ఏం రాస్తారో నాకు తెలియదు. రొట్టెల కొట్టు ముందు వరస ఏ రోజు ఎన్ని బారలు పెరిగిందో మాత్రం తెలుసు. మా ఊరి నుంచి దమాస్కస్‌కు బస్సులో అరగంట. దారిలో ముందు ఒక్క సైనికుల కాపలా ఉండేది, తర్వాత రెండయ్యాయి. మూడోది పెట్టిన రోజున నేను కొనడం మొదలుపెట్టాను.

గోధుమరవ్వ, ఎర్రపప్పు, చక్కెర, రేకు డబ్బాల్లో నెయ్యి, నూనెలో ఊరేసిన వంకాయలు, ఎండబెట్టిన పుదీనా, ఉప్పు. తిండి ఒక్కటీ చాలదు కదా. చీకటి వస్తే? చీకట్లో పిల్ల పడితే? పాము కరిస్తే? తేలు కుడితే? కొవ్వొత్తులు మూడు కట్టలు కొన్నాను. అగ్గిపెట్టెలు చెమ్మ పట్టకుండా గాజు సీసాలో బియ్యం మధ్య పెట్టాను. కిరసనాయిలు, రెండు మోటారుసైకిలు బ్యాటరీలు, వాటికి తగిలించే చిన్న దీపాల పట్టీ, ఒక టార్చి, దానికి విడి బ్యాటరీలు తెచ్చిపెట్టాను. మా ఆయన మమ్దూహ్ చూసి చూసి, "ఇది ఇల్లా, ఓడ రేవా?" అనేవాడు. ఒక ఉదయం ఆయన నగరంలో పనికి వెళ్ళాడు. ఆ సాయంత్రమే దారులు మూసేశారు. ఆయన అటూ, నేనూ రనీమూ ఇటూ మిగిలిపోయాం.

రనీమ్ మా ఒక్కతే కూతురు. అప్పటికి తొమ్మిదేళ్ళు. దాని పేరు మీదే నన్నందరూ ఉమ్ రనీమ్ అని పిలుస్తారు.

మొదటి చలికాలంలో ఊరి కమిటీవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. దాచుకున్నవాళ్ళు సగం పంచాలన్నారు. ఎలుక ఇల్లు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు కాబట్టి, వాళ్ళు వచ్చేలోపే నేనే తలుపులు బార్లా తెరిచాను. వంటగదిలో ఉన్న రెండు బస్తాలూ అందరూ చూస్తుండగా బయటికి తోశాను. "నా దగ్గరున్నది ఇంతే, అన్నలారా. పిల్లకు ఒక గిన్నెడు వదలండి చాలు," అని ఏడ్చాను. ఏడుపు నిజమే. నాలుగిళ్ళవాళ్ళూ మెచ్చుకున్నారు. ఉమ్ గియాస్ నా నెత్తి మీద ముద్దు పెట్టుకుని, "నిన్ను ఎలుకన్న నా నోరు పడిపోను," అంది. మర్నాడు మళ్ళీ ఎలకా అనే పిలిచింది.

మిగతా సరుకంతా స్నానాల గది పైన అటకలో ఉంది. అటక నోటికి పలక కొట్టి, సందులకు జిప్సం మెత్తి, గోడతో కలిపి సున్నం వేసేశాను. ఒక మూల పలక కదులుతుంది. నా చేయి పట్టేంతే.

అప్పటి నుంచి మేము స్నానాల గదిలోనే తినేవాళ్ళం. తలుపు సందులో తడిగుడ్డ దూర్చి, కుళాయి పక్కన పిల్లను కూర్చోబెట్టి, చల్లారిన పప్పే పెట్టేదాన్ని. వేడిది వాసన వస్తుంది. తిన్నాక నోరు మూడుసార్లు పుక్కిలించి, వేళ్ళు బూడిదతో తోముకోవాలి. వీధిలో మెల్లగా నడవాలి. ఎవరైనా ఏం తిన్నావంటే ఆకులనాలి, ఆకలేస్తోందనాలి, గట్టిగా అనకూడదు.

"మరి నాకు ఆకలెయ్యట్లేదు కదమ్మా?"

"వేసినట్టే అనాలి. అనకపోతే నిజంగా వేస్తుంది."

అన్నీ నేర్చుకుంది. దాని బుగ్గలకే ఏ పాఠమూ ఎక్కలేదు. ఊళ్ళో పిల్లలందరి ముఖాలూ పాతగుడ్డల్లా వేలాడుతుంటే నా కూతురి బుగ్గలు దానిమ్మ తొక్కలా ఎర్రగా ఉండేవి. రోజూ పొద్దున్నే వాటికి బూడిద రాసేదాన్ని. తల్లినై ఉండి బిడ్డ ముఖాన బూడిద పూసేదాన్ని. దేవుడు చూశాడు, ఆయనకు తెలుసు.

రెండో ఏడు రంజాన్ వచ్చింది. మా ప్రాంతంలో రంజాన్ అంటే సక్బె. ఇంట్లో వండినదాంట్లో ఒక పళ్ళెం, మనం నోట పెట్టుకోకముందే, పొరుగింటికి వెళ్ళాలి. ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి రాకూడదు. ఖాళీ పళ్ళెం ఏ గుమ్మం దాటి వెళితే ఆ ఇంటి కలిమి, బరకత్తు దాని వెంటే వెళ్ళిపోతుందని మా అమ్మ అనేది, వాళ్ళమ్మ కూడా అనేదట. ఇక్కడ తెలియని ఆడమనిషి లేదు. ఆ కరువులోనూ పళ్ళేలు ఆగలేదు. గడ్డి ఉడికించినా పంపారు. తిరుగు పళ్ళెంలో చిటికెడు ఉప్పో, నాలుగు పుల్లలో, చారెడు ఎండు పుదీనానో పెట్టి పంపారు.

ఉమ్ గియాస్ పళ్ళెం తెల్లది, ఆకుపచ్చ అంచు, ఒక పక్క పెచ్చు ఊడి ఉండేది. పెళ్ళినాటిది. ఆ సాయంత్రం దాన్ని తనే తెచ్చింది. గట్ల మీద మొలిచే ఖుబ్బేజె ఆకు ఉడికించి, పైన సుమాక్ పులుపు చల్లింది.

"తిని చూడవే. గాడిదలు ఊరికే అంత బలంగా ఉన్నాయనుకున్నావా?"

వెనక గుమ్మంలో ఆవిడ కోడలు రిహాబ్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఏడో నెల. దాని మొగుడు గియాస్ అంతకు ఐదు నెలల ముందు పొలాల మీదుగా పిండి తేవడానికి పోయి తిరిగి రాలేదు.

ఆ రాత్రే రనీమ్‌కు జ్వరం వచ్చింది. మర్నాటికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పక్క వీధిలో అలాగే వచ్చి ఇద్దరు పిల్లలు పోయారు. నా కళ్ళ ముందు తెల్లగుడ్డ తప్ప ఇంకేమీ కనబడలేదు. వంటగది అరుగు మీద ఆవిడ పళ్ళెం ఖాళీగా నా వంకే చూస్తున్నట్టు ఉంది. మొక్కుకున్నాను. 'ఈ జ్వరం దిగితే, తండ్రీ, ఈ పళ్ళెం తీపితో తిప్పి పంపుతాను.'

ఉప్పుతో అని మొక్కుకోవచ్చు. పుదీనాతో అనవచ్చు. తీపి అన్నాను. భయంలో నోటికి అదే వచ్చింది.

మూడో రోజు పొద్దుటికి జ్వరం దిగింది. పిల్ల లేచి కూర్చుని నీళ్ళడిగింది. మొక్కు తీర్చకపోతే వెళ్ళిన జ్వరం తిరిగి వస్తుంది. అటకలోంచి చక్కెర, రవ్వ, చెంచాడు నెయ్యి తీశాను. స్నానాల గదిలోనే మూత పెట్టి ఉడికించాను. పళ్ళెంలో పరిచి, పైన పుదీనా ఆకులు కప్పాను, దూరం నుంచి ఆకుల్లా కనిపించాలని. ఉపవాసం విడిచే వేళకు ముందు ఎదురింటి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి ఇంట్లోకి వచ్చేశాను.

ఆ అత్తాకోడళ్ళిద్దరూ గమ్మున తినేస్తారనుకున్నాను. నా తెలివి అక్కడే తెల్లవారింది. రంజాన్‌లో, కడుపుతో ఉన్న కోడలుండగా, రెండేళ్ళ తర్వాత చక్కెర కళ్ళపడితే ఏ ఉమ్ గియాసైనా తలుపేసుకుని తింటుందా? కోడలికి రెండు చెంచాలు తీసిపెట్టి, మిగతాది అదే పళ్ళెంలో కింది ఇంటి అబూ మహ్రాన్‌కు సక్బె పంపింది. అతను నాలుగు ముద్దలు తీసుకుని పక్కింటికి పంపాడు. అజాన్ అయ్యేసరికి ఆ తీపి ఐదిళ్ళు తిరిగింది. కింద అబూ మహ్రాన్ గొంతు నాకు వినబడుతూనే ఉంది. "నీ చేతులు చల్లగుండ ఉమ్ గియాస్! నాలిక బతికొచ్చిందమ్మా!"

మర్నాడు పొద్దున కమిటీ నుంచి షాకిర్ వచ్చాడు. వెంట ముగ్గురు. చేతిలో ఆకుపచ్చ అంచు పళ్ళెం.

"ఇదెవరిది?"

"నాదే," అంది ఉమ్ గియాస్. "పళ్ళేలకు కూడా పన్నేశారా?"

"ఇందులో చక్కెర ఎక్కడిది?"

మెట్ల మీద అప్పటికే జనం చేరారు. నేను నా గుమ్మంలో ఉన్నాను. రనీమ్ నా వెనక అంగీ పట్టుకుని ఉంది. ఉమ్ గియాస్ ఒక్కసారి నా తలుపు వంక చూసింది. నా వంక కాదు, తలుపు వంక.

"నాదే. కోడలి పురుడికని దాచాను. అయిపోయింది."

"అయిపోయిందా!" అన్నాడు అబూ మహ్రాన్ కింది మెట్టు మీంచి. "మా అమ్మ ఆకలికి గోడ గీరుకుంటూ పోయిందే, అప్పుడెక్కడుంది ఈ చక్కెర?"

"నిన్న నీ మీసాలు నాక్కున్నప్పుడు అడగలేదేమయ్యా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. షాకిర్ నవ్వలేదు. అతని చూపు తిరిగి తిరిగి నా వెనక ఆగింది. జ్వరం దిగిన పిల్లకి పొద్దున్నే ముఖం కడిగాను. బూడిద మరిచాను.

"ఈ పిల్ల బుగ్గలేంటి ఇలా ఉన్నాయి?"

అందరూ చూశారు. ఆ ముఖాలు నాకు తెలుసు, ఏళ్ళ తరబడి చూసిన ముఖాలే. ఆ క్షణంలో ఒక్కటీ పొరుగువాళ్ళ ముఖంలా లేదు. నా చేయి వెనక్కి వెళ్ళి పిల్ల తల పట్టుకుంది. నోరు దానంతట అది తెరుచుకుంది.

"అదంతా ఆవిడ చలవే అన్నా," అన్నాను. "రోజూ మధ్యాహ్నం పిలిచి తన చేత్తో తినిపిస్తుంది. నెయ్యీ, చక్కెరా, ఏది ఉంటే అది. అల్లా ఆవిణ్ణి చల్లగా చూడాలి. నేనెలా కాదంటాను? పసిపిల్ల కదా."

పొగిడినట్టే అన్నాను. నా కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి.

షాకిర్ ఆవిడ వైపు తిరిగాడు. "నిజమేనా?"

ఉమ్ గియాస్ ఈసారి నా వంకే చూసింది. నేను తల దించలేదు. దించితే తెలిసిపోతుంది.

"అవును," అంది. "పసిపిల్ల కదా."

ఆవిడ ఇల్లంతా తిరగేశారు. పరుపులు చీల్చారు, సీసాలు పగలగొట్టారు, స్నానాల గది పైకప్పు గునపంతో పొడిచారు. ఏమీ దొరకలేదు. దొరికుంటే అంత కోపం వచ్చేది కాదేమో. దొరక్కపోయేసరికి ఉన్నవే ఎత్తుకున్నారు. దీపం వెలిగించుకునే బ్యాటరీ, దీపాల పట్టీ, అర సీసా కిరసనాయిలు, అగ్గిపెట్టె, పుల్లల మోపు. రిహాబ్ గోడకు ఆనుకుని, "దీపమైనా వదలండన్నా, పురిటికి కావాలి," అంది. "నేతి దీపాలు పెట్టుకోవే," అన్నాడు అబూ మహ్రాన్, గుమ్మంలో ఉమ్మి. ఊరి గంజి వంటశాల పట్టీలోంచి ఇద్దరి పేర్లూ కొట్టేశారు. వాళ్ళ తలుపు మీద ఎవరో బొగ్గుతో తిండిదొంగ అని రాశారు. పళ్ళెం మాత్రం అక్కడే మెట్టు మీద వదిలేసి పోయారు.

తర్వాత ఎవరూ ఆ ఇంటికి పళ్ళెం పంపలేదు. నేను రెండుసార్లు గుప్పెడు పప్పు గుడ్డలో మూటకట్టి ఎదురు తలుపు దాకా వెళ్ళాను. కింద ఎవరిదో దగ్గు వినబడింది. వెనక్కి వచ్చేశాను. ఒకసారి నీళ్ళ దగ్గర ఉమ్ గియాస్ ఎదురుపడింది. ముఖం చిక్కి, ముక్కు ఒక్కటే మిగిలింది.

"పళ్ళెం బాగా నింపావు, ఉమ్ రనీమ్," అంది, బిందె ఎత్తుకుంటూ. ఎలకా అని మాత్రం అనలేదు.

రిహాబ్‌కు నొప్పులు వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ఫిరంగి గుళ్ళు పడుతున్నాయి. వీధి వీధంతా మా కింది నేలమాళిగలో ఉంది, ముప్పై మంది దాకా. కిటికీలకు ఇసుక బస్తాలు పేర్చేయడంతో పట్టపగలు కూడా లోపల కళ్ళ ముందు పెట్టుకున్నా చేయి కనబడదు. నేను ఎప్పుడు నేలమాళిగకు దిగినా టార్చి నడుముకు కట్టుకుని పైన కోటు వేసుకుంటాను. గోడ కూలితే, పిల్ల దుమ్ములో కూరుకుపోతే ఎక్కడుందో వెతకడానికి. ఒక్కసారి కూడా వెలిగించలేదు. బ్యాటరీలు కొత్తవి.

ఒక మూల దుప్పటి అడ్డం కట్టారు. మంత్రసాని బదియా ఒక సీసాలో నూనె వత్తి వెలిగించుకుని కూర్చుంది. బిడ్డ పుట్టేదాకా ఆ వత్తి నిలిచింది. బిడ్డ ఏడుపు వినబడగానే చీకట్లో ఒకరిద్దరు, "ఆడా మగా?" అని అడిగారు కూడా. "ఆడపిల్ల," అంది బదియా. అంతలో వత్తి చచ్చింది.

కాసేపటికి బదియా గొంతు మారింది. "దీపం, దీపం పట్టండి ఎవరైనా! తల్లికి చిరిగింది. రక్తం ఆగట్లేదు. ఎక్కడినుంచో కనబడితే గానీ కుట్టలేను. నా వేళ్ళకు కళ్ళు లేవమ్మా!"

ఎవరో సిగరెట్ లైటరు ఇచ్చారు. నాలుగుసార్లు నిప్పురవ్వ వేసి ఆగిపోయింది. ఎవరిదో ఫోను ఒక నిమిషం నీలంగా వెలిగి ఆరిపోయింది. ఉమ్ గియాస్ దుప్పటి వెనకనుంచి వచ్చి, చీకట్లో మనుషులను తడుముకుంటూ, పేరుపేరునా అడగడం మొదలుపెట్టింది. "అబూ మహ్రాన్, నీ దగ్గర?"

"నా దగ్గరెక్కడిది? దాచుకున్నదానివి నువ్వు. తియ్యి, ఇప్పుడన్నా."

ఆవిడ ముందుకు జరిగింది. చేయి నా మోకాలిని తాకింది. రక్తంతో జిగురుగా ఉంది.

"ఉమ్ రనీమ్. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. ఇకమీదా చెప్పను. ఒక్క కొవ్వొత్తి."

నాకు అంతా ఒక్కసారే కనిపించింది. టార్చి తీస్తాను. తెల్లటి వెలుగు, కొత్త బ్యాటరీ వెలుగు, ముప్పై జతల కళ్ళ మీద పడుతుంది. ఎక్కడిది అంటారు. మెట్లు ఎక్కుతారు. స్నానాల గది, సున్నం, పలక. ఏమీ దొరకని ఇంటికి ఏం చేశారో చూశాను. అన్నీ దొరికిన ఇంటికి ఏం చేస్తారు? పిల్లని ఏం చేస్తారు?

"లేదు పిన్నీ," అన్నాను. "ఉంటే ఇవ్వనా?"

చేయి నా మోకాలి మీంచి లేచింది. పోయిందనుకున్నాను. పోలేదు. నా ఒళ్ళో పడుకున్న రనీమ్ తలను వెతుక్కుని దాని జుట్టు మీద ఆగింది. రనీమ్ బుగ్గ నా నడుముకు, కోటు కింద టార్చికి ఆనుకుని ఉంది. గట్టిగా ఒత్తుకుంటూనే ఉండాలి దానికి.

"నువ్వు చెప్పు తల్లీ," అంది ఉమ్ గియాస్. "రిహాబ్ అక్క నీకు జడలు వేసేది కదూ. మీ దగ్గర దీపం ఉందా?"

దుప్పటి వెనక బదియా ఏదో దువా చదువుతోంది. పసిబిడ్డ ఏడుస్తోంది. 'చెప్పేస్తుంది. ఇప్పుడు చెప్పేస్తుంది.' దాని బుగ్గ టార్చి మీద కొంచెం కదిలింది.

"లేదు అమ్మమ్మా," అంది రనీమ్. "మా దగ్గరేం లేదు." ఆగి, మెల్లగా, నీరసంగా, "ఆకలేస్తోంది," అంది.

ఉమ్ గియాస్ దాని తల నిమిరి వెళ్ళిపోయింది. తర్వాతి మనిషి పేరు పిలుస్తుంటే విన్నాను.

గుళ్ళు ఆగి, తలుపు తీసి, వెలుగు లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి రిహాబ్‌కు వెలుగుతో పని లేదు. బదియా చేతులు మోచేతుల దాకా నల్లగా ఎండి ఉన్నాయి. బిడ్డను పక్క వీధిలో పాలున్న ఒకామె తీసుకుంది. అబూ మహ్రానే ముందుకొచ్చి శవాన్ని ఎత్తే దుప్పటి ఒక కొస పట్టాడు. నేను రెండో కొస పట్టాను. ఉమ్ గియాస్ మమ్మల్ని వారించలేదు. నా ముఖం కేసి చూడలేదు.

ఇంటికి వచ్చి తలుపేసి, తడిగుడ్డ సందులో దూర్చాను. రనీమ్ అప్పటికే స్నానాల గదిలో తన చోట కూర్చుని ఉంది. దాని జుట్టుకు రక్తం అంటింది. కడిగాను. నీళ్ళు ఎర్రగా పోతుంటే అది వాటినే చూస్తూ కూర్చుంది.

"అమ్మా."

"ఊఁ."

"నేను సరిగ్గానే చెప్పానా?"

"సరిగ్గానే చెప్పావు," అన్నాను.

పలక జరిపి, అటకలోంచి చెంచాడు చక్కెర తీసి దాని అరచేతిలో పోశాను. నాకింది. అరచెయ్యి తడి అయ్యేదాకా నాకి, చెయ్యి మళ్ళీ చాపింది.

"ఇంకొంచెం," అంది.

పోశాను.